సాసర్లో బిళ్ళ

ఈమధ్య మా వీధి చివర మందుల షాపు ముందు నించుంటే నాకు ఒళ్ళు మండుతోంది. పాతికేళ్ళ కుర్రాడు వస్తాడు. చెవి దగ్గర్నించి ఫోను తియ్యకుండానే కొలెస్టరాల్ బిళ్ళలు ఒక అట్ట తీసుకుంటాడు. 'అన్నట్టు ఒంటినొప్పులకి కూడా ఓ అట్ట పడెయ్యి' అంటాడు. రెండూ ఒకే జేబులో దోపుకుని బండెక్కి పోతాడు. ఎంత అలుసు! కొలెస్టరాల్ అంటే అంత చవకబారు సరుకనుకుంటున్నార్రా మీరు? మా రోజుల్లో అది అందరికీ ఉండేది కాదు. సాలూరు ఊరు మొత్తానికి ఒక్కడికే ఉండేది. ఆ ఒక్కడూ మా షావుకారు. ఆ జబ్బు వైభవమూ, ఆ వైభవానికి పట్టిన గతీ దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఓపిక ఉంటే ఆ అట్టలు కాసేపు పక్కన పెట్టి వినండి.

అరవై ఎనిమిదో తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు. సాలూరులో ఒక లారీ ఆఫీసులో బుకింగ్ గుమస్తాగా చేరేను. ఉప్పు, బెల్లం, ఎండుచేపలు ఘాటీ మీదుగా, అంటే కొండదారిలో, పైకి వెళ్ళేవి. చింతపండు, నూనె తీసే వలిసెలు, పసుపు కిందికి దిగేవి. ఏ సరుకు ఏ లారీకి ఎక్కాలో చూడ్డం నా పని. లోడు ఆలస్యమైతే వ్యాపారి తిట్టేవాడు, తొందరపెడితే బస్తాలు మోసే కళాసీలు తిట్టేవారు, ఎక్కువైతే డ్రైవర్లు తిట్టేవారు, తక్కువైతే షావుకారు తిట్టేవాడు. జీతం దేనికిచ్చేవారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తిట్లు తిన్నందుకే అని తర్వాత తెలిసింది.

షావుకారంటే పుట్టు షావుకారు కాదు. ఒకప్పుడు లారీ క్లీనరు. ఆ పైన డ్రైవరు. ఆ తర్వాత లారీ కొన్నాడు, ఆ లారీ ఇంకో లారీని పెట్టింది. అందుకే డ్రైవర్లంతా ఆయన్ని 'మావా' అనేవారు గానీ 'అయ్యగారూ' అనేవారు కాదు. ఆయనతో పాటే అదే లారీ మీద క్లీనరుగా మొదలెట్టిన ఇంకొకాయన మాత్రం మా ఆఫీసులో డ్రైవరుగానే మిగిలిపోయేడు. వాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు, ఒకే టార్పాలిన్ కింద పడుకున్న వరస అంతే. 'ఇద్దరూ ఒకేచోట మొదలెట్టేరు కదా, మీరెందుకు షావుకారు అవలేదు?' అని నేనోసారి అడిగితే, 'నాకు లారీ తోలడం ఒచ్చు, ఆడికి మడుసుల్ని తోలడం ఒచ్చు' అన్నాడు ఆ డ్రైవరు బావ.

ఇక లారీలు ఆగే మా యార్డులో టీ సంగతి చెప్పాలి. చెప్పకపోతే మీకు ఏమీ అర్థం కాదు.

మా యార్డులో టీ అంటే గ్లాసు, గ్లాసు కింద సాసరు, సాసర్లో తెల్లటి తలనొప్పి బిళ్ళ. తాంబూలంలో వక్క పెట్టినట్టు ప్రతి టీతోనూ పెట్టేవారు. ఈ మర్యాద కనిపెట్టింది మా షావుకారే. ఆయన బండి తోలే రోజుల్లో ఘాటీ ఎక్కేముందు ఒక బిళ్ళ వేసుకుంటే తల దిమ్ము దిగి, కళ్ళు విచ్చుకునేవట. తనకి లారీలు వచ్చేక తన డ్రైవర్లకి ఆ సుఖం దక్కాలనుకున్నాడు. టీకొట్టు ఆయన్ని పిలిచి 'నా యార్డులో టీ తాగినోడికి తలనొప్పి ఉండకూడదు' అన్నాడు. అంతే. డ్రైవరుకి బిళ్ళ, క్లీనరుకి బిళ్ళ, కళాసీకి బిళ్ళ, సరుకు తెచ్చిన వ్యాపారికి బిళ్ళ, చందా అడగడానికి వచ్చిన భజన సమాజం వాళ్ళకీ బిళ్ళ. ఎప్పుడైనా సాసరు ఖాళీగా వస్తే, 'బిళ్ళేదీ? మావ దివాలా తీసీసినాడా?' అని కేకలేసేవారు.

దాన్ని మందు అని ఎవరూ అనుకోలేదు సుమండీ. మందంటే డాక్టరు ఇవ్వాలి, చేదుగా ఉండాలి, పథ్యం ఉండాలి. కిరాణాకొట్టులో ఉప్పు డబ్బా పక్కన దొరికేది మందెలా అవుతుంది?

ఇలా ఉండగా మా షావుకారు కనురెప్పల మీద, ముక్కు పక్కగా, పసుప్పచ్చటి పొక్కుల్లాంటివి లేచేయి. షావుకారమ్మ అవి లక్ష్మీకళ అని అందరికీ చూపించింది. విజయనగరంలో ఒక పెళ్ళికి వెళ్తే, అక్కడికి వచ్చిన వైజాగు పెద్ద డాక్టరొకాయన ఈ లక్ష్మీకళని చూసి కంగారుపడి, మర్నాడే తన దగ్గరికి రమ్మన్నాడు. రక్తం తీసేడు. రక్తంలో కొవ్వు ఉంది, దాని పేరు కొలెస్టరాల్ అన్నాడు.

ఆయన తిరిగొచ్చిన రోజు మా ఆఫీసు ముందు తీర్థమే. ఆయన కొత్త లారీ దించినప్పుడు కూడా అంతమంది రాలేదు.

"ఏటి మావా, రగతంలో కొవ్వున్నాదంట?"

"ఉన్నాది మరి," అన్నాడు షావుకారు, ఎంతో అణకువగా.

"ఎంతున్నాదేటి?"

"ఉండాల్సినదానికంటే సానా ఎక్కువంట. పెద్ద డాక్టరే బెదిరిపోనాడు."

"ఓలమ్మ! మాకు ఒంటిమీదే కొవ్వు నేదు, ఈయనకి రగతంలో కూడానా! ఏ జల్మలో సేసుకున్న పున్నెమో," అన్నాడు కళాసీల మేస్త్రీ. నిజంగానే అన్నాడు. ఆయన వెటకారం ఎరగడు.

ఆ కొవ్వు కరగడానికి పెద్ద డాక్టరు ఒక గొట్టం మాత్ర రాసిచ్చేడు. అప్పట్లో అది సరికొత్త విదేశీ మందు. సాలూరులో దొరికేది కాదు, వైజాగు నుంచి డబ్బాలతో తెప్పించేవాళ్ళం. మెత్తగా, పారదర్శకంగా, లోపల నూనెతో ఉండేది. కొవ్వు తగ్గడానికి నూనె తాగించడమేమిటో నాకు బోధపడలేదు గానీ, షావుకారు దాన్ని భోజనం కాగానే ఎవరైనా చూస్తూండగానే మింగేవాడు. చూసేవాడు లేకపోతే నన్ను పిలిచేవాడు. కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, "సూసేవా? సీమ సరుకు," అని, అప్పుడు నోట్లో వేసుకునేవాడు. నెయ్యి మానేశాడు. వేపుళ్ళు మానేశాడు. మాంసం మానేశాడు. టీ మాత్రం మానలేదు. టీ మానమని డాక్టరు చెప్పలేదు మరి.

కొన్ని నెలలయ్యేసరికి పిక్కలు నొప్పి అన్నాడు. ఆ తర్వాత తొడలు. ఆ తర్వాత భుజాలు. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకునేవాడు. ఇక చూసుకోండి, ఊరంతా వైద్యులే. నెయ్యి మానడం వల్ల కీళ్ళు ఎండిపోయేయంది షావుకారమ్మ. ఆముదం కాచి రాయమన్నాడు మేస్త్రీ. "కుర్సీలో కూకుంటే కాళ్ళకి తుప్పట్టీదా మరి? ఓపాలి నాతో ఘాటీ ఎక్కు, సూడు," అన్నాడు డ్రైవరు బావ. నన్నడిగితే వాతం అన్నాను. తెలియనప్పుడు వాతం అనడం మా ఇంటి ఆచారం. ఇన్ని వైద్యాలున్నా షావుకారు నమ్ముకున్నది మాత్రం ఒక్కటే. టీ చెప్పేవాడు. ఆయన సాసర్లోకి ఒకటికి రెండు బిళ్ళలు వచ్చేవి. కాసేపు నొప్పి తగ్గేది. మళ్ళీ వచ్చేది. మళ్ళీ టీ.

పొద్దున్న లేచేసరికి ఆయన మొహం ఉబ్బి ఉండేది. నెయ్యి మానినా మొహంలో నిగారింపు పోలేదని అందరూ మెచ్చుకునేవారు.

ఊళ్ళో డాక్టరు ఒకాయన ఉండేవాడు. మంచివాడే, కోపిష్టి. షావుకారుని బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళు నొక్కి చూసి అడిగేడు. "ఆ వైజాగు మాత్ర కాకుండా ఇంకేమైనా మందులు వేసుకుంటున్నారా?"

"ఏటీ నేదు బాబూ," అన్నాడు షావుకారు.

"నాటు మందు ఏదైనా?"

"సెప్తన్నాను కదా బాబూ, ఏటీ నేదు. ఆ సీమ మాత్రొక్కటే."

పక్కనే ఉన్న నేను కూడా గట్టిగా తలూపేను. ఇద్దరం సత్యహరిశ్చంద్రులమే. అబద్ధం ఆడలేదు కదా, మందులేమీ లేవు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే అయింది ఆ పని. పొద్దున్న లోడింగు మంచి జోరుమీదుంది. షావుకారు ఎవరినో కేకెయ్యడానికి కుర్చీలోంచి లేచేడు. నోట్లోంచి మాట రాలేదు. కాఫీ గుండలాంటిది కక్కుకుని బల్ల మీదికి ఒరిగిపోయేడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. బెంచీ మీద పడుకోబెట్టి డాక్టరు కోసం పరిగెత్తేం. డాక్టరు వచ్చి నాడి చూసి, కళ్ళు విప్పి చూసి, షావుకారమ్మని ఏదో అడిగేడు. రెండ్రోజుల్నుంచీ విరోచనం తారులా నల్లగా అవుతోందని ఆవిడ ఏడుస్తూ చెప్పింది. "కడుపులో ఎక్కడో రక్తం పోతోంది. ఎందుకు పోతోంది?" అని డాక్టరు తనలో తనే అనుకుంటూ నించున్నాడు. డ్రైవర్లనీ కళాసీల్నీ అప్పటికే బయటికి పంపేశాం, గదిలో మేమే మిగిలేం.

సరిగ్గా అప్పుడు మా టీకొట్టు ఆయన, ఎంత కష్టంలోనైనా మర్యాద తప్పకూడదని, డాక్టరుగారికి టీ తెచ్చేడు. డాక్టరు పరధ్యానంగా గ్లాసు ఎత్తేడు. సాసర్లోకి చూశాడు.

"ఇదేమిటి?"

"బిళ్ళ బాబూ."

"బిళ్ళని నాకూ తెలుసు. నాకెందుకు పెట్టేవు?"

టీకొట్టు ఆయన తెల్లబోయేడు. "టీ కదా బాబూ," అన్నాడు.

డాక్టరు గ్లాసు కింద పెట్టేడు. "ఈయనకి కూడా ఇలాగే ఇస్తావా?"

"అందరికంటే ముందు ఆయనకే. ఆయనకైతే రెండు."

"రోజుకి ఎన్ని టీలు తాగుతాడు?"

"మా మావ టీకి లెక్కేటి బాబూ!" అన్నాడు టీకొట్టు ఆయన, గర్వంగా.

డాక్టరు షావుకారు వైపు తిరిగి అరిచేడు, చచ్చిపోతున్నవాడని కూడా చూడకుండా. "మరి నేనడిగితే ఏమీ లేదన్నారేం?"

షావుకారు కళ్ళు విప్పి, బలవంతాన గొంతు పెగల్చుకుని అన్నాడు. "మందుల గురించి అడిగేరు కదా బాబూ. ఇది టీ."

డాక్టరు నన్ను బయటికి లాక్కెళ్ళి, నాలాంటి మొద్దుకి కూడా అర్థమయ్యేలా చెప్పేడు. ఆ సీమ మాత్ర కొందరికి కండరాల నొప్పులు తెస్తుంది. ఆ నొప్పికి ఈయన తలనొప్పి బిళ్ళ మింగుతున్నాడు. ఏళ్ళ తరబడి ఆ బిళ్ళలు కడుపుకి పుండు చేస్తాయి, మూత్రపిండాల్ని తినేస్తాయి. మూత్రపిండాలు పాడైతే ఆ సీమ మాత్ర ఒంట్లోంచి బయటికి పోదు, లోపలే పేరుకుంటుంది. పేరుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి పెరిగితే ఈయన ఇంకో టీ చెప్తాడు.

"దేనికది మంచి మందేనయ్యా," అన్నాడు డాక్టరు. "రెండూ ఒక కడుపులో పడుతున్నాయని ఒక్కడైనా నాతో చెప్పాలి కదా. ముందు యార్డులో అందరికీ చెప్పు. ఆ సాసరు వ్యవహారం ఇవాళ్టితో ఆపించు."

షావుకారుని ఆయన కార్లోనే వెనకసీటులో పడుకోబెట్టి వైజాగు తీసుకెళ్ళేం. బయల్దేరేముందు డాక్టరు ముందుసీటులో కూచోబోతూ మందుల సంచీ కోసం వెనక్కి వెళ్ళేడు. అప్పుడు షావుకారు నా చొక్కా పట్టుకున్నాడు. "ఒరే, బిళ్ళ ఆపీ. ఎందుకాపేవో మట్టుకు ఎవుడికీ సెప్పకు."

"మరి ఏం చెప్పమంటారు?"

"నీకు సదువొచ్చు కదా, నువ్వే ఏదో సెప్పు." చొక్కా వదలకుండానే, "ఇన్నేళ్ళు నా సేత్తో ఆళ్ళకి తినిపించేను. ఇప్పుడది తప్పంటే నా మొకమ్మీద ఉమ్మీరా?" అన్నాడు.

ప్రాణం పోతోందని కాదు ఆయన బెంగ. మావ పెట్టిన బిళ్ళ చెడ్డదని డ్రైవర్లకి తెలుస్తుందని.

టీకొట్టు ఆయన్ని షావుకారు మీద ఒట్టు పెట్టి ఊరుకోబెట్టేను. నా చదువంతా ఉపయోగించి నేను కనిపెట్టిన కారణం, 'సరుకు రావడం లేదు'. రోడ్డుకి అవతల కిరాణాకొట్టులో ఆ బిళ్ళలు గాజుసీసాడు కనపడుతూంటే ఎవడు నమ్ముతాడు? షావుకారు లేని సందు చూసి గుమస్తా బిళ్ళలు మింగేస్తున్నాడని తేల్చేరు. మింగితే నా కడుపేమవ్వాలి అని మాత్రం ఒక్కడూ ఆలోచించలేదు. ఆ కోపానికి కొట్టులో కొనుక్కుని, ఒకటి వేసుకునేవాళ్ళు రెండు వేసుకోవడం మొదలెట్టేరు, నా ఎదురుగానే, నన్ను చూస్తూ.

షావుకారు బతికేడు. సగం మనిషై తిరిగొచ్చేడు. పంచె నడుం మీద నిలవడం లేదు. ఆ సీమ మాత్రా వద్దు, ఏ నొప్పి బిళ్ళా వద్దు, మూత్రపిండాలు ఇక మీదట జాగ్రత్త అన్నారట. డ్రైవర్లంతా చుట్టూ మూగి, ముందుగా నా మీదే ఫిర్యాదు చేశారు. ఆయన నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూశాను. ఇప్పుడు చెప్తాడనుకున్నాను.

"ఏరా! నాను ఊళ్ళో నేనప్పుడు నా మడుసులికి బిళ్ళ కూడా ఇవ్వనేదా నువ్వు?" అని అందరి ముందూ కడిగేశాడు. "సర్లే, ఎలాగూ అలవాటు తప్పీసింది కదా, ఇంక ఒగ్గీండి," అని ముగించేడు. ఆ సాయంత్రం మా ఇంటికి పనసపండు ఒకటి పంపించేడు. తియ్యటి పండే. తొనలు వలుస్తున్నంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నాను.

అంతటితో పోయుంటే ఈ కథ మీకు చెప్పకపోదును. ఆఫీసు బీరువాలో ఇంకా రెండు డబ్బాలు సీమ మాత్రలు మిగిలి ఉన్నాయి. ఒకనాడు డ్రైవరు బావ వాటిని చూశాడు.

"ఇయ్యేటి బావా, నువ్వు ఏసుకోవా?"

"నాకు తగ్గిపోనాది. ఇంక అక్కర్నేదు."

"పారీస్తావేటి? ఇంత కరీదైన సరుకు! నాకియ్యి. నాకూ పొట్టొచ్చింది సూడు, రగతంలో ఏ మూలో ఇంత కొవ్వుండకపోదు."

షావుకారు మొహం మాడిపోయింది. వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే అంతా చెప్పాలి. ఊరికే వద్దంటే, పారేసే మందు కూడా బావకి ఇవ్వలేని లోభి అవుతాడు. ఆయన బీరువా వైపు చూశాడు, నేల వైపు చూశాడు, నావైపు చూశాడు.

"తీసుకుపో," అన్నాడు చివరికి.

బావ బయటికి వెళ్ళేక నేను ఉండబట్టలేక అన్నాను. "బాబూ, ఆయన రోజూ కొట్టులో బిళ్ళలు కొంటున్నాడు. మీకేమయిందో తెలిసి కూడా మీరు..."

"సెప్తాన్లే. ఈ ట్రిప్పు ఎల్లి రానీ."

ఆ ట్రిప్పు వెళ్ళి వచ్చింది. ఇంకో ట్రిప్పు వెళ్ళి వచ్చింది. బావ ఆ మాత్రని భోజనమయ్యేక హోటల్లో అందరికీ చూపించి మింగేవాడట. కొన్నాళ్ళకి పిక్కలు నొప్పి అన్నాడు. చొక్కా జేబులో పొట్లం కనిపించేది. పొద్దున్న మొహం ఉబ్బేది. నాకు చూసిన సినిమా మళ్ళీ చూస్తున్నట్టుండేది. నేను గుర్తు చేసినప్పుడల్లా షావుకారు 'ఈ ట్రిప్పు' అనేవాడు. ట్రిప్పులకేం కొదవ, లారీ ఆఫీసాయె.

ఒక మధ్యాహ్నం పైనుంచి దిగిన లారీవాడు కబురు తెచ్చేడు. ఘాటీలో మలుపు దగ్గర బావ బండి కొండకి గుద్దుకుంది. షావుకారు కారెక్కేడు, నన్ను ఎక్కమన్నాడు.  దారిపొడుగునా పంచె కొంగు నలుపుతూనే ఉన్నాడు.

చింతపండు బస్తాలు రోడ్డంతా దొర్లి ఉన్నాయి. దారి మూసుకుపోయి మా యార్డు లారీలే మూడో నాలుగో వెనకాల ఆగిపోయేయి, డ్రైవర్లంతా దిగి నించున్నారు. లారీ ముక్కు కొండరాయిలో దిగబడి ఉంది. రెండో పక్క లోయ. బావ రోడ్డు వారన కాలు చాపుకుని కూచున్నాడు, క్లీనరు పిక్క నొక్కుతున్నాడు.

"బ్రేకు మీద కాలు బిగుసుకుపోనాది బావా," అన్నాడు, నవ్వుదామని చూస్తూ. "నొక్కుదునంటే నా కాలు నా మాటే ఇననేదు. ఇంక కొండకే కొట్టీసినాను. అటేపు పోనుంటే నీకు బస్తా కూడా దక్కీది కాదు."

అంటూనే జేబులోంచి పొట్లం తీసి రెండు బిళ్ళలు అరచేతిలో పోసుకున్నాడు. షావుకారు ఆ చెయ్యి పట్టేసుకున్నాడు. బిళ్ళలు మట్టిలో పడ్డాయి.

"తినకు బావా. నన్ను సంపబోయినియ్యి అయ్యే. ఆ సీమ మాత్రా, ఈ బిళ్ళా. రెండూ కలిసి. డాక్టరు నాకు సెప్పేడు. నాను మీకు సెప్పనేదు." చుట్టూ ఉన్న డ్రైవర్ల వైపు తిరిగేడు.  "గుమస్తా ఏటీ మింగనేదురా. ఆపమంది నానే. ఇన్నేళ్ళు నా సేత్తో మీకెట్టేను కదా, ఏ మొకమెట్టుకుని సెప్పను? అందుకని నోరు మూసుకున్నాను. ఆ డబ్బాలు కూడా నానే ఇచ్చినాను ఈడికి. తెలిసే ఇచ్చినాను."

 వెనకనుంచి ఒక డ్రైవరు, నిజాయితీగా, "అయితే మా బిళ్ళలు నువ్వు తిననేదేటి?" అని నన్నడిగేడు. ఘాటీలో, ఆ పూట, నాకు దక్కిన న్యాయం అది.

బావ చాలాసేపు తన కాలు వైపే చూసుకుంటూ కూచున్నాడు. కోప్పడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను.

"నువ్వెడితే ఇసమైనా తిందును కదా బావా," అన్నాడు మెల్లిగా. "ఆ సంగతి నీకు తెల్దేటి? అందుకైనా సెప్పాలి కదా."

షావుకారు ఆ మట్టి రోడ్డు మీదే, ఆయన పక్కన కూలబడి, పంచె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేడు. అంతమంది డ్రైవర్లని కూతతో ఆడించిన మనిషి అలా ఏడుస్తూంటే ఎక్కడ చూడాలో తెలియక నేను చింతపండు బస్తాలు ఏరడం మొదలెట్టేను.

బావని వైజాగులో చేర్పించేం. బతికేడు, కాలూ నిలబడింది. ఇంక లారీ మాత్రం తోలకూడదన్నారు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ స్టీరింగు తప్ప ఇంకోటి పట్టుకోని మనిషి. షావుకారు ఆయన్ని ఆఫీసులో నా పక్కన, లారీ తాళాలు తగిలించే బోర్డు దగ్గర కూచోబెట్టేడు. అక్కడ కూచుని తాళాలివ్వడం తప్ప ఆయనకి పనేమీ లేదు. అందుకని ఒక పని తనే పెట్టుకున్నాడు. తాళం చెవి చేతికిచ్చేముందు ప్రతి డ్రైవర్నీ, "ఏటి మింగేవు?" అని అడిగేవాడు.

"ఏటీ నేదు మావా."

"నా బావ కూడా డాక్టరుకి ఇలగే సెప్పేడు. జేబీ సూపించు."

జేబులు తిరగేస్తే పొట్లాలు రాలేవి. ఒకడు తిట్టేవాడు, ఒకడు నవ్వేవాడు, ఒకడు బతిమాలుకునేవాడు. పొట్లం బల్ల మీద పెట్టకుండా తాళం మాత్రం కదిలేది కాదు. మీ డాక్టరు మిమ్మల్ని ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగినప్పుడు, మీరు కూడా ఫోన్లోంచి తల ఎత్తకుండానే 'ఏమీ లేదండీ' అంటారని నాకు తెలుసు. మీ జేబులు తిరగెయ్యడానికి బావలాంటివాడు ఆ ఆసుపత్రి గుమ్మంలో ఉండడు, అదే మీ అదృష్టం.

ఒకరోజు పొద్దున్న లారీలన్నీ వెళ్ళిపోయేక షావుకారు వచ్చేడు. కొండమీద పనేదో ఉంది, తనే కారు తోలుకెళ్తానన్నాడు. బోర్డు మీది కారు తాళం కోసం చెయ్యి చాపేడు. బావ తాళం తియ్యలేదు.

"ఏటి మింగేవు?"

"నన్నడుగుతావేట్రా?" అని నవ్వేడు షావుకారు.

"జేబీ సూపించు బావా."

షావుకారు నవ్వు ఆపేశాడు. జేబులో చెయ్యి పెట్టి, చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టేడు. విప్పక్కర్లేకుండానే అందులో ఏముందో ముగ్గురికీ తెలుసు. నేను కాగితాల్లో తల దూర్చేను.

బావ పొట్లం వైపు చూడలేదు. ఆయన మొహంలోకే చూశాడు.

"నొప్పెడతందేటి?"

"పెడతంది."

"నాకూ పెడతంది," అన్నాడు బావ. బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చేడు. "కూకో. టీ సెప్తాను."

టీ వచ్చింది. రెండు సాసర్లూ ఖాళీగా ఉన్నాయి.